బస్తర్ సరిహద్దు ఘర్షణ - గోదావరి పరీవాహక జిల్లాలలో మానవతా సహాయం

బస్తర్ సరిహద్దు ఘర్షణ అనగా ఛత్తీస్‌గఢ్ రాష్ట్రపు దక్షిణ భాగమైన బస్తర్ ప్రాంతంలో (ప్రస్తుత దంతెవాడ, బీజాపూర్, సుక్మా జిల్లాలు) 2005 నుండి తీవ్రరూపం దాల్చిన సాయుధ ఘర్షణ. ఈ ఘర్షణ ఫలితంగా వేలాది ఆదివాసీ కుటుంబాలు గోదావరి దాటి అప్పటి ఆంధ్ర ప్రదేశ్ లోని ఖమ్మం, వరంగల్లు జిల్లాల అడవులకు వలస వచ్చినవి. ఆ గూడేలలో అనేకం నేడు తెలంగాణ లోని భద్రాద్రి కొత్తగూడెం, ములుగు, జయశంకర్ భూపాలపల్లి, మహబూబాబాదు జిల్లాల పరిధిలోకి వచ్చినవి. వలస వచ్చినవారిని స్థానికంగా గుత్తికోయలు అంటారు. ఘర్షణ వల్ల వారపు సంతలు, రహదారులు, సరుకుల రవాణా ఏ విధంగా దెబ్బతిన్నవి, దాని వల్ల బియ్యం, మందులు, వైద్యం, చదువు వంటి సహాయం అవసరమైనవారికి చేరడం ఎట్లు కష్టమైనది అన్నది ఈ వ్యాసపు ముఖ్య విషయం.

భౌగోళిక నేపథ్యం

తెలంగాణ, ఛత్తీస్‌గఢ్ రాష్ట్రాల మధ్య సరిహద్దులో కొంత భాగం గోదావరి నది, కొంత భాగం కొండలు, అడవి. జయశంకర్ భూపాలపల్లి జిల్లాకు ఉత్తరాన గోదావరి ఆవల మహారాష్ట్ర లోని గడ్చిరోలి జిల్లా (సిరోంచ ప్రాంతం), ఈశాన్యాన ఛత్తీస్‌గఢ్ లోని బీజాపూర్ జిల్లా ఉన్నవి. మహబూబాబాదు జిల్లా రాష్ట్ర సరిహద్దును తాకదు. కానీ ఆ జిల్లా లోని గంగారం, కొత్తగూడ మండలాల అడవి ములుగు, భద్రాద్రి కొత్తగూడెం జిల్లాల అడవితో కలిసి ఉన్నందున వలస కుటుంబాలు అంతవరకు వచ్చి స్థిరపడినవి.

జనగామ జిల్లాలో అడవి తక్కువ, వలస గూడేలు లేవు. అయినను ఈ విషయంలో దానికి ఒక స్థానం ఉన్నది. హైదరాబాదు నుండి భోపాలపట్నం వెళ్ళే జాతీయ రహదారి భువనగిరి, జనగామ, హనుమకొండ, ములుగు, ఏటూరునాగారం మీదుగా సాగి గోదావరి దాటి బీజాపూర్ జిల్లాలో ప్రవేశిస్తుంది. పూర్వం ఈ దారికి 202 సంఖ్య ఉండేది, తరువాత 163గా మార్చబడినది. హైదరాబాదు నుండి సరిహద్దు అడవులకు వెళ్ళే సరుకుకు ఇది ప్రధాన మార్గం. ఏటూరునాగారం వద్ద గోదావరిపై వంతెన రాకముందు ఆవలి ఒడ్డుకు పడవలే ఆధారం. లేనిచో భద్రాచలం వంతెన మీదుగా చుట్టు తిరిగి వెళ్ళవలసి వచ్చేది.

జనగామ, మహబూబాబాదు, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలు 2016 అక్టోబరు 11న ఏర్పడినవి. భూపాలపల్లి జిల్లా నుండి ములుగు 2019 ఫిబ్రవరి 17న వేరు చేయబడినది. అందువలన 2016కు ముందరి పత్రాలలో ఈ గూడేలన్నీ వరంగల్లు, ఖమ్మం జిల్లాలవిగా, 2016-2019 మధ్య పత్రాలలో ములుగు ప్రాంతపు గూడేలు భూపాలపల్లి జిల్లావిగా కనిపిస్తాయి.

సంతల ప్రాముఖ్యం

రాష్ట్ర సరిహద్దు ఏర్పడడానికి చాలా కాలం ముందునుండే గోదావరి ఇరు ఒడ్డుల కోయలు ఒకే భాష, ఒకే ఇంటిపేర్లు, ఒకే వేల్పుల కొలుపులతో కలిసి ఉండేవారు. పెళ్ళి సంబంధాలు నది దాటి సాగేవి. రెండేళ్ళకొకసారి తాడ్వాయి మండలం మేడారంలో జరిగే సమ్మక్క సారలమ్మ జాతరకు బస్తర్ నుండి భక్తులు రావడం ఆ సంబంధాలకు నిదర్శనం.

ఈ ప్రాంతపు ఆర్థిక జీవనానికి వారపు సంతయే కేంద్రం. అడవి నుండి ఇప్పపువ్వు, చింతపండు, తునికాకు, మొర్రి పలుకులు (సారపప్పు), కరక్కాయలు, జిగురు సంతకు వచ్చేవి. సంత నుండి ఉప్పు, నూనె, గుడ్డలు, ఎండుచేపలు, ఇనుప పనిముట్లు ఊళ్ళకు వెళ్ళేవి. ఆదివాసులను దళారుల మోసం నుండి కాపాడడానికి 1956లో గిరిజన సహకార సంస్థ ఏర్పడి అటవీ ఫలసాయం కొనుగోలు, నిత్యావసర వస్తువుల అమ్మకం చేపట్టినది.

సంత కేవలం అంగడి కాదు. బంధువుల కబురు, పంచాయతీ తీర్పు, కూలి పని సమాచారం అన్నీ అక్కడే తెలుస్తాయి. రోగిని పది ఊళ్ళు తిరిగి వెదకడం కన్న పది ఊళ్ళవారు వచ్చే చోట కూర్చోవడం మేలు కనుక, సంత రోజున వైద్య శిబిరం పెట్టడం ఏజెన్సీ ప్రాంతాలలో పాత పద్ధతి. మలేరియా మందులు, టీకాలు, కాన్పు జాగ్రత్తలు ఈ దారినే ఊళ్ళకు చేరేవి. కాబట్టి సంత ఆగిపోయినపుడు వర్తకంతో పాటు వైద్యం కూడా ఆగిపోతుంది.

రెండవ ముఖ్యమైన సంబంధం మిర్చి కూలి. గోదావరి ఒడ్డున ఏటూరునాగారం, మంగపేట, వాజేడు, వెంకటాపురం, చర్ల మండలాలలో మిర్చి సాగు విస్తారం. ఏటా కాయ కోత కాలంలో బస్తర్ నుండి కూలీలు వచ్చి తోటలలో పని చేసి వేసవిలో తిరిగి వెళ్ళడం ఏళ్ళ తరబడి సాగుతున్నది. 2005 తరువాత ప్రాణభయంతో వచ్చినవారిలో అనేకులు అంతకు ముందు ఈ కూలి దారిలో నడిచినవారే.

ఘర్షణ, వలసలు

2004 సెప్టెంబరులో పీపుల్స్ వార్, మావోయిస్టు కమ్యూనిస్టు సెంటర్ విలీనమై భారత కమ్యూనిస్టు పార్టీ (మావోయిస్టు) ఏర్పడినది. 2005 జూన్‌లో దానికి వ్యతిరేకంగా బీజాపూర్ ప్రాంతంలో సల్వాజుడుం మొదలైనది. కాంగ్రెసు శాసనసభ్యుడు మహేంద్ర కర్మ దీనికి నాయకుడు. రాష్ట్ర ప్రభుత్వం మద్దతు ఇచ్చినది. ఆదివాసీ యువకులు ప్రత్యేక పోలీసు అధికారులుగా నియమించబడినారు.

ఊళ్ళను ఖాళీ చేయించి ప్రజలను రహదారుల ప్రక్కన శిబిరాలకు తరలించడం ఈ కార్యక్రమంలో ప్రధానాంశం. ఖాళీ అయిన గ్రామాల సంఖ్య 644 అని తరచుగా ఉటంకించబడుతుంది. శిబిరాలకు వెళ్ళినవారిని మావోయిస్టులు శత్రువులుగా చూచినారు. 2006 జూలై 17న ఎర్రబోరు శిబిరంపై వారు జరిపిన దాడిలో 30 మందికి పైగా మరణించినారు. ఊరిలో ఉండిపోయినవారిని మావోయిస్టులని సల్వాజుడుం అనుమానించినది. ఈ రెంటికీ చెందక బ్రతకాలనుకున్నవారికి మిగిలిన దారి సరిహద్దు దాటడం. ఆంధ్ర ప్రదేశ్ వైపు వచ్చినవారి సంఖ్యపై వెలువడిన అంచనాలు 30,000 నుండి 50,000 వరకు ఉన్నవి. కొందరు ఒడిషా లోని మల్కనగిరి జిల్లాకు కూడా వెళ్ళినారు.

2011 జూలై 5న సుప్రీం కోర్టు నందినీ సుందర్ మరియు ఇతరులు దాఖలు చేసిన వ్యాజ్యంలో తీర్పు ఇస్తూ, ఆదివాసీ యువకులకు ఆయుధాలిచ్చి ప్రత్యేక పోలీసు అధికారులుగా వాడుకోవడం రాజ్యాంగ విరుద్ధమని ప్రకటించినది. మహేంద్ర కర్మ 2013 మే 25న ఝీరం లోయలో మావోయిస్టుల దాడిలో హతుడైనాడు.

మార్గాలు మూసుకుపోయిన తీరు

ఘర్షణ ప్రాంతంలో దారి మూసుకుపోవడం ఒక్క రూపంలో జరగలేదు. ముఖ్యమైన రూపాలు ఇవి:

* సంతల మూసివేత: లోపలి ఊళ్ళ సంతలు మూతపడినవి. మిగిలిన సంతలు శిబిరాలు ఉన్న రహదారి గ్రామాలకు చేరినవి. అక్కడకు వెళ్ళిన లోపలి ఊరివారు పట్టుబడతామన్న భయంతో వెళ్ళడం మానినారు.
* సరుకుల పరిమితి: ఒక మనిషి తీసుకొనిపోయే బియ్యం, మందులు ఎక్కువైతే అవి మావోయిస్టులకేనన్న అనుమానం కలిగేది. పెద్ద కుటుంబానికి నెల సరుకు కొన్నవాడు కూడా జవాబు చెప్పుకోవలసి వచ్చేది.
* రోడ్ల ధ్వంసం: మావోయిస్టులు రోడ్లను త్రవ్వడం, చెట్లు కూల్చడం, మందుపాతరలు పెట్టడం వల్ల లారీలు, అంబులెన్సులు లోపలికి పోలేకపోయినవి. భద్రతాదళాలు బస చేస్తున్నవన్న కారణంతో పాఠశాల భవనాలు కూడా పేల్చివేయబడినవి.
* చౌకధరల దుకాణాల తరలింపు: లోపలి గ్రామాల రేషను దుకాణాలు పలుచోట్ల రోడ్డు ప్రక్కకు మారినవి. బియ్యం కొరకు ఒక పగలంతా నడవవలసి వచ్చినది.
* కొనుగోలుదారు లేకపోవడం: వర్తకులు రాకపోతే ఇప్పపువ్వు, చింతపండు అమ్ముడుపోవు. చేతిలో డబ్బు లేనివాడికి దుకాణం తెరచి ఉన్నా ప్రయోజనం లేదు.

చివరి అంశం తరచుగా గమనించబడదు. సహాయం అవసరం పెరగడం, సహాయం చేరే దారి తగ్గడం రెండూ ఒకే కారణం చేత ఒకేసారి జరుగుతాయి. సంత నడిచినంత కాలం కుటుంబం తన తిండి తానే సంపాదించుకొనగలదు. సంత మూతపడిన నాడు అదే కుటుంబానికి బయటి సహాయం కావాలి. కానీ ఆ సహాయాన్ని తెచ్చే లారీ, దానిని నడిపే మనిషి, దించుకొనే దుకాణం అన్నీ ఆ మూతపడిన వర్తకంలోనివే.

సహాయ సంస్థల అనుభవాలు

అంతర్జాతీయ వైద్య సంస్థ మెడిసిన్స్ సాన్స్ ఫ్రాంటియర్స్ 2006 ప్రాంతం నుండి సరిహద్దుకు రెండు వైపులా, అనగా దక్షిణ బస్తర్ లోను, భద్రాచలం ప్రాంతపు వలస గూడేలలోను, సంచార వైద్యశాలలు నడిపినది. 1999లో నోబెల్ శాంతి బహుమతి పొందిన ఈ సంస్థ రోగి ఎవరన్నది అడగకుండా వైద్యం చేయడం తన నియమంగా చెప్పుకుంటుంది. ఆ నియమమే అనుమానానికి కారణమైనది. మావోయిస్టులకు వైద్యం చేస్తున్నదని 2007లో ఛత్తీస్‌గఢ్ అధికారులు ఆరోపించినారు. అంతర్జాతీయ రెడ్ క్రాస్ కమిటీ 2010లో బీజాపూర్ జిల్లాలో ఆరోగ్య సేవలు ప్రారంభించినది, 2013లో ఆపివేయవలసి వచ్చినది.

గాంధేయవాది హిమాంశు కుమార్ దంతెవాడ వద్ద నడిపిన వనవాసి చేతనా ఆశ్రమం ఊళ్ళకు తిరిగి వెళ్ళదలచిన కుటుంబాలకు తోడ్పడేది. 2009 మే 17న ఆ ఆశ్రమాన్ని ప్రభుత్వ యంత్రాంగం కూల్చివేసినది. 2011 మార్చిలో తాడ్‌మెట్ల, తిమ్మాపురం, మోర్‌పల్లి గ్రామాలలో ఇళ్ళు తగులబెట్టబడినపుడు, బాధితులకు సామగ్రి తీసుకొని వెళ్ళిన స్వామి అగ్నివేశ్ బృందంపై మార్చి 26న దోర్నపాల్ వద్ద దాడి జరిగినది. వాహనాలు వెనుదిరిగినవి.

ఈ సంఘటనలను కలిపి చూచినపుడు ఒక విషయం స్పష్టమగును. బియ్యం బస్తా, మందుల పెట్టె ఎవరి చేతికి చేరినా అవతలి పక్షానికి బలమేనని పోరాడేవారు భావించినంత కాలం, సహాయం తెచ్చేవాడు తటస్థుడని ఎవరూ నమ్మరు.

సరిహద్దుకు ఈవలి సమస్యలు

గోదావరి దాటినవారికి తుపాకీ భయం తగ్గినది గాని కాగితాల సమస్య మొదలైనది. వారు విదేశం నుండి వచ్చినవారు కారు, కనుక శరణార్థులు కారు. స్వదేశంలోనే నిర్వాసితులైనవారి కొరకు భారతదేశంలో ప్రత్యేక చట్టం లేదు. ఇందువల్ల కలిగిన ఇబ్బందులు:

* షెడ్యూల్డ్ తెగ గుర్తింపు: రాజ్యాంగపు 342వ అధికరణం ప్రకారం షెడ్యూల్డ్ తెగల జాబితా రాష్ట్రాల వారీగా ఉంటుంది. ఒక రాష్ట్రపు గుర్తింపు మరొక రాష్ట్రానికి వెంట రాదని సుప్రీం కోర్టు 1990లో మర్రి చంద్రశేఖరరావు కేసులో చెప్పినది. తెలంగాణలో కోయలు షెడ్యూల్డ్ తెగ అయినప్పటికీ గుత్తికోయలకు ధ్రువపత్రం దొరకడం కష్టమైనది.
* అటవీ హక్కులు: 2006 అటవీ హక్కుల చట్టం 2005 డిసెంబరు 13కు ముందు సాగులో ఉన్నవారికి వర్తిస్తుంది. గుత్తికోయలలో అత్యధికులు సుమారు ఆ కాలంలోనో, తరువాతనో వచ్చినవారు. వారి పోడు సాగు చట్టరీత్యా ఆక్రమణ అయినది.
* గూడెం గుర్తింపు: అడవిలోని గూడెం రెవెన్యూ గ్రామం కాదు. అందువల్ల రోడ్డు, కరెంటు, మంచినీటి బోరు, అంగన్‌వాడీ, బడి మంజూరు కావడంలో జాప్యం.
* స్థానికులతో పోటీ: పోడు భూమి, కూలి, కలప విషయంలో స్థానిక ఆదివాసులతో తగవులు వచ్చినవి.

జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ శాంతా సిన్హా అధ్యక్షతన 2007లో ఈ ప్రాంతాన్ని పరిశీలించి, పిల్లల చదువు, పోషణ విషయంలో రెండు రాష్ట్రాల బాధ్యతను గుర్తు చేసినది. కాలక్రమంలో కొన్ని గూడేలకు అంగన్‌వాడీ సేవలు, కొందరికి ఆధార్, ఓటరు, రేషను కార్డులు లభించినవి. ఒక రాష్ట్రపు కార్డుతో మరొక రాష్ట్రంలో బియ్యం తీసుకొనే పద్ధతి 2019 ఆగస్టులో తెలంగాణ, ఆంధ్ర ప్రదేశ్ మధ్య మొదలై, 2022 నాటికి దేశమంతటా అమలులోకి వచ్చినది. అయితే ఊరు తగులబడిన నాడు కార్డు కూడా కాలిపోయిన కుటుంబానికి, అసలు కార్డే లేని కుటుంబానికి ఈ సౌకర్యం అందదు.

2017 సెప్టెంబరులో అప్పటి భూపాలపల్లి జిల్లా తాడ్వాయి మండలం జలగలంచ గూడెంలో అటవీ శాఖ ఇళ్ళు తొలగించడంతో వివాదం రేగి, విషయం హైకోర్టు వరకు వెళ్ళినది. 2022 నవంబరు 22న భద్రాద్రి కొత్తగూడెం జిల్లా చండ్రుగొండ మండలంలో పోడు వివాదంలో ఒక అటవీ రేంజి అధికారి హత్యకు గురైనాడు. నిందితులు గుత్తికోయలు. ఆ తరువాత బెండాలపాడు గ్రామ పంచాయతీ గుత్తికోయలందరినీ ఛత్తీస్‌గఢ్‌కు పంపివేయాలని తీర్మానించినది. కొందరి నేరానికి సమూహమంతా సహాయానికి దూరమయ్యే ప్రమాదాన్ని ఈ తీర్మానం వెల్లడించినది. మరొక వైపు, విధి నిర్వహణలో ఉన్న ఉద్యోగికి రక్షణ లేనిచో ఏ శాఖ సిబ్బంది అయినా ఆ గూడేలకు వెళ్ళడానికి వెనుకాడతారన్నది కూడా వాస్తవం.

2020 లాక్‌డౌన్

సరిహద్దు మూసివేత ఆయుధాల వలననే జరగనక్కరలేదు. 2020 మార్చి 25న కరోనా లాక్‌డౌన్ మొదలైనప్పుడు మిర్చి కోతకు వచ్చిన బస్తర్ కూలీలు గోదావరి ఒడ్డున చిక్కుకుపోయినారు. బస్సులు లేవు, రహదారిపై తనిఖీలు ఉన్నవి. అనేకులు అడవి దారుల వెంట నడిచినారు. ములుగు జిల్లా మిర్చి తోటల నుండి మూడు రోజులు నడిచిన 12 ఏళ్ళ బాలిక 2020 ఏప్రిల్ 18న బీజాపూర్ జిల్లాలో, ఇల్లు మరికొద్ది కిలోమీటర్లు ఉన్నదనగా మరణించినది. పని ఉన్నంతకాలం తెరచి ఉన్న దారి పని ఆగిన నాడు మూసుకుపోతే జరిగే నష్టానికి ఈ మరణం గుర్తుగా మిగిలినది.

కర్రెగుట్టల ఆపరేషన్

ములుగు, బీజాపూర్ జిల్లాల మధ్య విస్తరించిన కర్రెగుట్టలలో 2025 ఏప్రిల్ 21 నుండి మే 11 వరకు భద్రతాదళాలు పెద్ద ఎత్తున గాలింపు జరిపినవి. 31 మంది మావోయిస్టులు మరణించినట్లు ప్రభుత్వం ప్రకటించినది. అంతకు ముందే గుట్టలపై మందుపాతరలు ఉన్నవని, ఎవరూ రావద్దని మావోయిస్టులు ప్రకటించి ఉన్నారు. ఏప్రిల్, మే నెలలు తునికాకు సేకరణ కాలం. అడవికి పోలేని కుటుంబం ఆ ఏటి ప్రధాన నగదు ఆదాయాన్ని కోల్పోతుంది. 2025లో మావోయిస్టుల బలం బాగా క్షీణించినది. అయినను పాతిన మందుపాతరలు యుద్ధం ముగిసిన తరువాత కూడా దారులను మూసి ఉంచగలవు.

చట్టపరమైన చట్రం

1949 జెనీవా ఒప్పందాల ఉమ్మడి 3వ అధికరణం ఒకే దేశంలో జరిగే సాయుధ ఘర్షణలకు కనీస నియమాలను నిర్దేశించి, నిష్పాక్షిక మానవతా సంస్థలు తమ సేవలను ఇవ్వజూపవచ్చునని పేర్కొన్నది. భారతదేశం ఈ ఒప్పందాలను ఆమోదించినది గాని 1977 నాటి రెండవ అదనపు ప్రోటోకాల్‌లో చేరలేదు. మావోయిస్టు సమస్యను శాంతిభద్రతల విషయంగానే ప్రభుత్వం పరిగణించినది. 1998లో ఐక్యరాజ్యసమితి వెలువరించిన అంతర్గత నిర్వాసితుల మార్గదర్శక సూత్రాలు (మొత్తం 30) తిండి, నీరు, ఆశ్రయం, వైద్యం, సురక్షితంగా తిరిగివెళ్ళే అవకాశం కల్పించడం ప్రభుత్వాల ప్రథమ బాధ్యత అంటాయి. అయితే ఇవి చట్టంగా కట్టుబడవలసినవి కావు.

చరిత్రలోను, ప్రపంచంలోను పోలికలు

ఈ ప్రాంతానికి వర్తక దిగ్బంధం కొత్త కాదు. 1947 నవంబరు 29న భారత ప్రభుత్వం, నిజాం మధ్య యథాతథ ఒప్పందం కుదిరిన తరువాత సంబంధాలు చెడి, సరిహద్దుల వెంట దాడులు, ప్రతిదాడులు సాగినవి. సరుకులు, మందులు రానీయకుండా దిగ్బంధం చేస్తున్నారని హైదరాబాదు ప్రభుత్వం ఆరోపించినది. అదే కాలంలో తెలంగాణ సాయుధ పోరాటం, రజాకార్ల దాడులతో జనగామ ప్రాంతం అట్టుడికినది. సంస్థానం నుండి వేల కుటుంబాలు ఆంధ్ర జిల్లాలలో తలదాచుకున్నవి. 1948 సెప్టెంబరు 13-17 మధ్య జరిగిన పోలీసు చర్యతో సంస్థానం భారతదేశంలో విలీనమైనది.

ప్రపంచంలో ఇటీవలి ఉదాహరణ నల్ల సముద్రపు ధాన్య ఒప్పందం. రష్యా-ఉక్రెయిన్ యుద్ధం వల్ల ఓడరేవులు మూతపడగా, 2022 జూలైలో ఐక్యరాజ్యసమితి, టర్కీల మధ్యవర్తిత్వంతో ఓడల దారి తెరువబడినది. 2023 జూలై 17న ఒప్పందం ముగిసే నాటికి సుమారు 3.3 కోట్ల టన్నుల ధాన్యం, ఆహార వస్తువులు ఎగుమతి అయినవి. వీటిలో కొంత భాగం ఆహార సహాయంగా ఇథియోపియా, యెమెన్ వంటి దేశాలకు చేరినది. యుద్ధం ఆగకపోయినా, ఇరుపక్షాలు ఒప్పుకుంటే వర్తకపు దారిని తెరచి ఉంచవచ్చునని ఇది చూపినది.

పరిష్కార ప్రతిపాదనలు

అటవీ హక్కుల చట్టం 3(1)(ఎం) సెక్షను, చట్టవిరుద్ధంగా నిర్వాసితులైన ఆదివాసులకు పునరావాసం, ప్రత్యామ్నాయ భూమి పొందే హక్కునిస్తుంది. ఇదియును 2005 డిసెంబరు 13కు ముందు జరిగిన తొలగింపులకే పరిమితం. సల్వాజుడుం 2005 జూన్‌లో మొదలైనందున తొలి ఆరు నెలలలో ఊరు విడిచినవారు మాత్రమే ఈ సెక్షను పరిధిలోకి రాగలరు.

మరొక నమూనా బ్రూ (రియాంగ్) ఒప్పందం. 1997లో మిజోరం నుండి త్రిపురకు తరలివెళ్ళిన సుమారు 34,000 మందిని త్రిపురలోనే స్థిరపరచడానికి 2020 జనవరి 16న కేంద్ర ప్రభుత్వం, రెండు రాష్ట్రాలు, బ్రూ ప్రతినిధులు సంతకాలు చేసినారు. దీనికి 600 కోట్ల రూపాయలు ప్రకటించబడినవి. గుత్తికోయల విషయంలోను ఇటువంటి ఒప్పందం కావాలని హక్కుల సంఘాలు కోరినవి. తిరిగి వెళ్ళదలచినవారికి భూమి, భద్రత, ఉండదలచినవారికి గుర్తింపు అన్న రెండు మార్గాలూ ఇందులో ఉండాలి.

ఏ ఒప్పందం జరిగినా సంతలు, దారులు, అటవీ ఫలసాయం కొనుగోలు పునరుద్ధరణ జరగనిదే కుటుంబాలు సహాయంపై ఆధారపడడం తగ్గదు. 2005 ప్రాంతంలో తల్లి చంకలో గోదావరి దాటిన పిల్లలు నేడు తమ పిల్లలను బడిలో చేర్చవలసిన వయసుకు వచ్చినారు. వారికి బస్తర్ లోని ఊరు గుర్తు లేదు, తెలంగాణ లోని గూడెం పేరు చాలాచోట్ల రెవెన్యూ పటంలో లేదు.

ఇవి కూడా చూడండి

* సల్వాజుడుం
* కోయ
* గిరిజన సహకార సంస్థ
* అటవీ హక్కుల చట్టం, 2006
* సమ్మక్క సారలమ్మ జాతర
* జయశంకర్ భూపాలపల్లి జిల్లా
* మహబూబాబాదు జిల్లా
* జనగామ జిల్లా